మేక గుండె, నలభై రూపాయలు

పర్లాకిమిడి మటన్ బజారులో
ఖుద్దూస్ బాయి నన్ను చూడగానే
అడక్కుండానే గుండె తీసి పక్కన పెడతాడు.
"కార్జం కూడా కావాలా డాక్టరమ్మా?"
వద్దు. గుండె ఒక్కటే. ఎక్కడా గాటు పడకూడదు.
మొదట్లో ఊరికే ఇచ్చేవాడు, కుక్కకేమో అనుకుని.
సంగతి తెలిశాక నలభై అన్నాడు.
చదువుకి పనికొచ్చేదానికి ధర ఉండాలట.

ఎంబీబీఎస్ అయిదున్నర, జనరల్ సర్జరీ మూడు,
ఇప్పుడు గుండె, ఛాతీ, రక్తనాళాలు: ఇంకో మూడు.
అమ్మ వేళ్ళ మీద లెక్క పెట్టింది.
రెండు చేతులూ చాలక నా చెయ్యి లాక్కుంది.
"సరేగానీ, ఆ అర ఏటే?" అంది.

కటకం నుంచి నాలుగు రోజుల సెలవు.
వంటగట్టు మీద చపాతీ పీట, పీట మీద గుండె,
నా నుదుటికి నాన్న రాత్రిపూట చేపలకెళ్ళే లైటు.
గడువు దాటిన నీలం దారాలు
థియేటర్ సిస్టర్ సువర్ణలత దాచి ఇచ్చినవి,
నా వెంట్రుక కన్నా సన్నం.
ఎడమ గది తెరిస్తే కవాటం.
రెండు రెప్పలు, వాటిని కిందికి పట్టి ఉంచే తెల్లటి పోగులు.
గట్టిగా లాగితే కండ తెగుతుంది,
వదులైతే కారుతుంది.
ఆ రెంటి మధ్య చోటుకి ఏ పుస్తకంలోనూ పేరు లేదు.
చెంబుతో నీళ్ళు పోసి చూస్తాను.
కారింది.
విప్పు. మళ్ళీ.

షడంగి సారు మమ్మల్ని కళ్ళు మూసుకోమంటారు.
జేబులో ఉన్నది రూపాయా రెండు రూపాయలా,
తడిమి చెప్పాలి.
ఆయన కుర్రతనంలో, యంత్రం దొరకని ఆసుపత్రిలో,
కొట్టుకుంటున్న గుండెలోకి చూపుడువేలు పోనిచ్చి
అతుక్కుపోయిన కవాటం విప్పారు.
లోపల ఎలా ఉంటుంది సార్ అని అడిగాను.
"నేనెక్కడ చూశాను? ఇది చూసింది" అని
వేలు ఎత్తి చూపించారు.
ఇప్పుడు టీ కప్పు దగ్గర వణుకుతుంది ఆ వేలు.

మాలో మాకూ ఊళ్ళు వేరు.
బైపాస్ వాళ్ళు రోగి ముఖం కన్నా ముందు కాలి సిరలు చూస్తారు.
పసిగుండెల వాళ్ళు భూతద్దాలు పెట్టుకుని
పెసరగింజంత కన్నానికి ఒక పూటంతా కూర్చుంటారు.
ఊపిరితిత్తుల బల్ల చివర్న ఉంటుంది.
చీము తీసేవాళ్ళు, గొట్టాలు వేసేవాళ్ళు.
ఆ బల్ల దగ్గర ఎవరూ ఫోటో దిగరు.
నేనూ దిగలేదు.

మా వీధి చివర ఉదయనాథ్ మహారణా కొట్టు.
గేదె కొమ్ముని సెగ చూపించి వంచి
కొంగ మెడ చేస్తాడు, రొయ్య మీసం చేస్తాడు.
చిన్నప్పుడు ఆ గుమ్మంలోనే రంపం చూశాను.
"తొయ్యకు. పళ్ళకి దారి తెలుసు, వెంట ఉండు చాలు."
మొదటిసారి రొమ్ముటెముక మీద రంపం పెట్టినప్పుడు
చేతికి గుర్తొచ్చింది ఆ మాటే.
కాలిన వాసన వచ్చినప్పుడు
పక్కనున్న కుర్రాడు కళ్ళు తిరిగి పడ్డాడు.
నాకు మా వీధి గుర్తొచ్చి ఆకలేసింది.
ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

నిన్న సాయంత్రం వెళ్ళాను.
కొంగ సగంలో ఆగి ఉంది.
దగ్గు వచ్చి, దగ్గు పోయాక
మీసాల మీది కొమ్ముపొడి తుడుచుకుని
నా వైపు కాకుండా రంపం వైపు చూస్తూ
తనకొచ్చిన తెలుగులో అడిగాడు:
"నువ్వు గుండెకి. మరి దీనికెవరు?"
ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని అడిగాడు.
మా కోర్సు పేరులో ఆ మాట
రెండోది.
పరీక్షలో కూడా ఎవరూ దాన్ని అడిగినట్టు గుర్తు లేదు.
పరికరం లేక వీపుకి చెవి ఆన్చి విన్నాను.
కుడివైపు అడుగున గాలి వెళ్ళడం లేదు.
సోమవారం నాతో కటకం రమ్మన్నాను.
"కొంగ మాట?" అన్నాడు.

ఇవాళ బజారులో
ఖుద్దూస్ బాయి గుండె తీసి పెట్టేలోపు
వద్దన్నాను.
ఊపిరితిత్తి కావాలి. రెండూ, గొట్టంతో సహా.
"ఫేఫ్డానా?" కత్తి ఆపాడు.
"అది తూకానికి రాదమ్మా. నీళ్ళలో వేస్తే తేల్తాది."
కాసేపు ఆలోచించి,
చదువుకే కదా అని మరోసారి రూఢి చేసుకుని,
"పదిహేను" అన్నాడు.